ఓపియాయిడ్ క్లెయిముల్లో మోసం: మూడు లెక్కలు కలవని చోటే దొరుకుతుంది

అమెరికాలో ఫార్మసీ కౌంటర్ మీద మందు పెట్టేలోపే ఒక క్లెయిమ్, అంటే మందు డబ్బు కట్టమనే బిల్లు, బీమా సంస్థకు వెళ్తుంది. అందులో ఉండేది కొంచెమే: రోగి బీమా నంబరు, మందు రాసిన డాక్టర్‌ను గుర్తించే ఎన్‌పీఐ నంబరు, మందును గుర్తించే 11 అంకెల ఎన్‌డీసీ కోడ్, మాత్రల సంఖ్య, అవి ఎన్ని రోజులకు సరిపోతాయన్న అంకె, ప్రిస్క్రిప్షన్ రాసిన తేదీ, అది కాగితం మీద వచ్చిందా, ఫోన్లో చెప్పారా, ఎలక్ట్రానిక్‌గా వచ్చిందా అని తెలిపే కోడ్. బీమా సంస్థ తరఫున మందుల బిల్లులు చూసే పీబీఎం కంపెనీ కంప్యూటర్ కొన్ని సెకన్లలో సరే అనో, కుదరదనో జవాబిస్తుంది. డాక్టర్ ఆ రోగిని నిజంగా చూశాడా, మాత్రలు ఆ మనిషి చేతికే వెళ్లాయా, అసలు అన్ని మాత్రలు ఆ షాపులో ఉన్నాయా అన్న ప్రశ్నలకు ఆ క్లెయిమ్‌లో జవాబు ఉండదు.

ఓపియాయిడ్ల (మార్ఫిన్ తరహా, వ్యసనానికి దారితీసే బలమైన నొప్పి మందుల) విషయంలో మోసం బతికేది ఈ ఖాళీలోనే. ఒక్క క్లెయిమ్‌ను పట్టుకుని ఎంతసేపు చూసినా అది నిజమో అబద్ధమో తేలదు. దాన్ని మూడు చోట్ల సరిచూడాలి: ఆ రోగి పాత క్లెయిములతో, డాక్టర్ దగ్గరున్న వైద్య రికార్డుతో, షాపులోని సరుకు లెక్కతో. మోసం చేసేవాడు వీటిలో ఒకదాన్ని చక్కగా దిద్దుకోగలడు, కష్టపడితే రెండు. మూడూ ఒకదానికొకటి అతికేలా దిద్దడం చాలా కష్టం. పట్టుకునే పనంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది.

మిగతా మందుల బిల్లుల్లో మోసం జరిగితే పోయేది ప్రధానంగా డబ్బు. ఆక్సీకోడోన్, హైడ్రోకోడోన్, హైడ్రోమార్ఫోన్, ఫెంటనిల్ వంటి వాటిలో డబ్బుతో పాటు మందు కూడా దారి తప్పుతుంది. బీమా సొమ్ముతో కొన్న మాత్ర వీధిలో అమ్ముడై ఎవరి ప్రాణాల మీదికో వస్తుంది. 2012లో అమెరికా ఫార్మసీల నుంచి 25.5 కోట్ల ఓపియాయిడ్ ప్రిస్క్రిప్షన్లు వెళ్లాయి. అంటే ప్రతి 100 మందికి 81కి పైగా. 2020 నాటికి అది 14.2 కోట్లకు, ప్రతి 100 మందికి 43కి దిగింది. ఆ ఉధృతి నడిచిన కాలంలో పశ్చిమ వర్జీనియాలో నాలుగు వందల జనాభా ఉన్న కెర్మిట్ అనే ఊళ్లో ఒకే ఒక్క ఫార్మసీకి రెండేళ్లలో దాదాపు 90 లక్షల హైడ్రోకోడోన్ మాత్రలు చేరాయి. 2010లో దేశం మొత్తం మీద ఆక్సీకోడోన్ అత్యధికంగా కొన్న 100 మంది డాక్టర్లలో 90 మంది ఫ్లోరిడావాళ్లే. ఇవి చీకట్లో జరిగిన పనులు కావు. ప్రతి మాత్రకూ ఎక్కడో ఒకచోట రికార్డు ఉంది. ఆ రికార్డులను పక్కపక్కన పెట్టి చూడాల్సినవాళ్లు సమయానికి చూడలేదు.

రోజుల అంకెలోనే కిటుకు

క్లెయిమ్‌లో అన్నిటికంటే తేలిగ్గా మార్చగలిగేదీ, మారిస్తే అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేదీ ఒకటే: మాత్రలు ఎన్ని రోజులకని ఫార్మసీ వేసే అంకె. రోగి రోజుకు ఎంత మందు వేసుకుంటున్నాడో బీమా సంస్థకు నేరుగా తెలియదు. మాత్రల సంఖ్యను రోజులతో భాగించి, మాత్ర బలంతో హెచ్చవేసి, మార్ఫిన్‌తో పోల్చే గుణకంతో మరోసారి హెచ్చవేస్తే వచ్చేదే ఎంఎంఈ, అంటే మార్ఫిన్ లెక్కలో రోజు మోతాదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ 2022 మార్గదర్శకాల ప్రకారం హైడ్రోకోడోన్‌కు గుణకం 1, ఆక్సీకోడోన్‌కు 1.5, ఆక్సీమార్ఫోన్‌కు 3, మెథడోన్‌కు 4.7, హైడ్రోమార్ఫోన్‌కు 5, ట్రమడాల్‌కు 0.2. చివరి రెండూ 2016 నాటి పట్టికలో 4, 0.1గా ఉండేవి. పాత పట్టికను మార్చకుండా నడుస్తున్న ప్రోగ్రాము ట్రమడాల్ మోతాదును సగానికి సగం తగ్గించి చూపిస్తుంది.

ఒక ఉదాహరణ. 30 మిల్లీగ్రాముల ఆక్సీకోడోన్, 180 మాత్రలు, 30 రోజులకు. రోజుకు ఆరు మాత్రలు. 6 × 30 × 1.5 = 270 ఎంఎంఈ. బీమా ప్లాన్ 200 దగ్గర గట్టి అడ్డు పెట్టుకుని ఉంటే ఈ క్లెయిమ్ ఆగిపోతుంది. అవే 180 మాత్రలకు 45 రోజులని వేస్తే? రోజుకు నాలుగు, 4 × 30 × 1.5 = 180. చల్లగా దాటిపోతుంది. సీసా అదే, రోగి అదే, మింగేది అంతే. మారింది ఒక్క అంకె.

అయితే ఈ ఎత్తుకు ఒక బలహీనత ఉంది. రోగికి మళ్లీ 30వ రోజున మందు కావాలి, కంప్యూటర్ లెక్కలో ఇంకా 15 రోజుల సరుకు మిగిలి ఉంది. కాబట్టి 79వ నంబరు తిరస్కరణ వస్తుంది: ‘ఇంత తొందరగా ఇవ్వకూడదు’ అని దానర్థం. దాన్ని దాటడానికి ఫార్మసీ ఒక వివరణ కోడ్ వేస్తుంది. 03 అంటే రోగి ప్రయాణానికి వెళ్తున్నాడు, 04 అంటే మందు పోయింది, 05 అంటే డాక్టర్ మోతాదు మార్చాడు. ఇవి అవసరమైన కోడ్‌లే, ఎవరికైనా ఏడాదిలో ఒకసారి మందు పోవచ్చు. ఒకే షాపులో పాతిక మంది ఓపియాయిడ్ రోగులకు నెలనెలా మోతాదు మారుతూ ఉంటే మాత్రం అక్కడ ఆగి చూడాలి.

అందుకే ఎంఎంఈని రెండు రకాలుగా కట్టాలి: ఫార్మసీ చెప్పిన రోజులతో ఒకసారి, ఒక క్లెయిమ్‌కూ మరుసటి క్లెయిమ్‌కూ మధ్య నిజంగా గడిచిన రోజులతో ఇంకోసారి. పై ఉదాహరణలో మొదటిది 180, రెండోది 270. నిజాయతీగా నడిచే షాపుల్లో ఈ రెండు అంకెలూ చాలావరకు దగ్గరగా ఉంటాయి. ఒక షాపులో రెండో అంకె వరుసగా, చాలామంది రోగుల్లో మొదటిదానికంటే పైన ఉంటే రోజుల అంకెను దిద్దుతున్నారన్న అనుమానానికి గట్టి ఆధారం దొరికినట్టే. రోజుల అంకెను నమ్మి కట్టిన ఏ నివేదికలోనూ ఈ రకం మోసం కనిపించదు. మొదట సరిచేసుకోవలసింది ఇదే.

లెక్క కట్టేవాళ్ల వైపు తప్పులూ తక్కువేం కాదు. ఫెంటనిల్ ప్యాచ్‌కు సీడీసీ గుణకం 2.4, అది గంటకు విడుదలయ్యే మైక్రోగ్రాములకు వర్తిస్తుంది. ఒక ప్యాచ్ మూడు రోజులు ఉంటుంది కాబట్టి 30 రోజులకు 10 ప్యాచ్‌లు బిల్లవుతాయి. ప్రోగ్రాము యథాలాపంగా 25 × (10 ÷ 30) × 2.4 అని కడితే 20 వస్తుంది. సరైన జవాబు 60. ప్యాచ్‌ల సంఖ్యతో లెక్కకట్టేటప్పుడు గుణకం 7.2 ఉండాలి. ద్రవ రూపంలోని మందుల్లో మరో గొయ్యి: బలాన్ని 5 మిల్లీలీటర్లకు చెబుతారు, పరిమాణాన్ని మిల్లీలీటర్లలో బిల్లు చేస్తారు. ఈ 5తో భాగించడం మరిచిపోతే మోతాదు ఐదు రెట్లు పెరిగి, క్యాన్సర్‌తో మంచాన ఉన్న రోగి మోసగాళ్ల జాబితాలోకి ఎక్కుతాడు.

కొద్దికొద్దిగా మిగుల్చుకునే పద్ధతి ఇంకొకటి. చాలా ప్లాన్లు నియంత్రిత మందుల్లో (దుర్వినియోగానికి వీలున్నందున చట్టం కట్టడి చేసే మందుల్లో) 85 శాతం రోజులు గడిచాక మళ్లీ ఇవ్వనిస్తాయి. 30 రోజుల సరుకుకు అది 25.5 రోజులు, అంటే 26వ రోజు. రోజుకు నాలుగు మాత్రల చొప్పున 120 తీసుకునే రోగి ప్రతి 26 రోజులకూ వస్తే 364 రోజుల్లో 14 సార్లు, 1,680 మాత్రలు తీసుకెళ్తాడు. కావలసినవి 1,456. మిగులు 224. ఏ ఒక్క క్లెయిమ్‌లోనూ నియమం తప్పలేదు. దీన్ని ఆపాలంటే చివరి క్లెయిమ్‌ను మాత్రమే చూడకుండా గత 180 రోజుల్లో పోగైన మిగులును కలుపుకుంటూ పోవాలి. అదే రసాయనం వేరే బలంలో వచ్చినా, 15 మిల్లీగ్రాముల నుంచి 30కి మారినా, ఆ లెక్క అదే ఖాతాలో పడాలి. ఎన్‌డీసీ వారీగా లెక్కవేసే అడ్డు ఇక్కడ పూర్తిగా గుడ్డిది.

కౌంటర్ దగ్గరి అడ్డులు

65 ఏళ్లు దాటినవారికీ వైకల్యం ఉన్నవారికీ ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే మెడికేర్‌లో మందుల భాగం పార్ట్ డి. ఇందులో 2019 జనవరి నుంచి కొన్ని అడ్డులు స్థిరపడ్డాయి. ఇంతకుముందు ఓపియాయిడ్ వాడని రోగికి తీవ్రమైన నొప్పికి మొదటిసారి ఇచ్చేది 7 రోజులు దాటితే క్లెయిమ్ ఆగుతుంది. అన్ని ప్రిస్క్రిప్షన్లూ కలిపి రోజుకు 90 ఎంఎంఈకి చేరితే ఫార్మసిస్టు డాక్టర్‌తో మాట్లాడాలి. 200 లేదా అంతకుమించితే ప్లాన్ గట్టిగా ఆపవచ్చు. ఓపియాయిడ్‌తో పాటు అల్ప్రజోలమ్ వంటి బెంజోడయాజపిన్ (ఆందోళన తగ్గించే మత్తు మందు) ఉన్నా, ఎక్కువ గంటలు పనిచేసే రెండు ఓపియాయిడ్లు కలిసినా హెచ్చరిక వస్తుంది. క్యాన్సర్ నొప్పి ఉన్నవారు, హాస్పిస్‌లో (చివరి దశ రోగుల సంరక్షణలో) లేదా బాధ తగ్గించే పాలియేటివ్ సంరక్షణలో ఉన్నవారు, సికిల్ సెల్ రోగులు, దీర్ఘకాలిక సంరక్షణ కేంద్రాల్లో ఉండేవారు ఈ లెక్కలకు బయట.

హెచ్చరిక వచ్చినప్పుడు ఫార్మసిస్టు దాన్ని దాటడానికి వేసే కోడ్‌లలో ఎం0 అంటే డాక్టర్‌ను సంప్రదించాను, 1జీ అంటే డాక్టర్ సమ్మతితో ఇచ్చాను. పీబీఎం సర్వర్‌లో తిరస్కరణ సమయం, తిరిగి పంపిన సమయం సెకన్లతో సహా ఉంటాయి. రాత్రి తొమ్మిదింటికి 88వ నంబరు తిరస్కరణ (మందు భద్రత హెచ్చరిక) వెళ్లి, పది సెకన్లలో ఎం0, 1జీలతో క్లెయిమ్ తిరిగి వచ్చిందంటే ఆ మధ్యలో ఏ క్లినిక్‌కూ ఫోన్ వెళ్లి ఉండదు. డాక్టర్‌తో ఉదయమే మాట్లాడి ఉండొచ్చు, అది న్యాయమైన వివరణే. అప్పుడు ప్రిస్క్రిప్షన్ మీద ఆ సంభాషణ నమోదై ఉంటుంది. ఒక షాపులోని ప్రతి దాటవేతలోనూ తిరస్కరణకూ తిరిగి పంపడానికీ మధ్య గడిచిన సమయాన్ని వరుసగా పేర్చి చూడడం చాలా చౌకైన, చాలా తక్కువమంది చేసే పరీక్ష.

వైద్యంలో వాడే నియంత్రిత మందుల్లో అత్యంత కఠినమైన వర్గమైన షెడ్యూల్ 2 మందులకు రీఫిల్ (అదే ప్రిస్క్రిప్షన్‌తో మళ్లీ ఇవ్వడం) లేదు, ప్రతిసారీ కొత్త ప్రిస్క్రిప్షన్ ఉండాలి. హైడ్రోకోడోన్ కలిసిన మాత్రలు 2014 అక్టోబరు 6న ఈ షెడ్యూల్‌లోకి వచ్చాయి. డాక్టరో రోగో కోరితే ఫార్మసీ కొన్ని మాత్రలే ఇచ్చి మిగతావి రాసిన తేదీ నుంచి 30 రోజుల్లోపు ఇవ్వవచ్చని 2016 చట్టం అనుమతించింది. చిక్కు అక్కడ వచ్చింది. అసలు ఎన్ని రాశారన్న అంకె క్లెయిమ్‌లో లేకపోతే, పాక్షికంగా ఇచ్చిన రెండో విడతకూ చట్టవిరుద్ధమైన రీఫిల్‌కూ తేడా కనపడదు. 2020 సెప్టెంబరు 21 నుంచి షెడ్యూల్ 2 క్లెయిముల్లో డాక్టర్ రాసిన పరిమాణం తప్పనిసరి అయ్యాక ఈ తేడా లెక్కకు అందుతోంది. విడతలన్నీ కలిపితే రాసిన సంఖ్యను దాటకూడదు. ఇంత తేలికైన పరీక్షను ఇప్పటికీ నడపని వ్యవస్థ ఏదైనా ఉంటే దానికి సాకు లేదు.

రోగి వైపు, డాక్టర్ వైపు

రోగులు డాక్టర్ల చుట్టూ, షాపుల చుట్టూ తిరిగి మందు పోగేయడాన్ని పట్టడానికి రెండు ప్రమాణాలు బాగా వాడుకలో ఉన్నాయి. మెడికేర్ వాడే దాంట్లో గత ఆరు నెలల్లో సగటున రోజుకు 90 ఎంఎంఈ లేదా అంతకుమించి ఉండి, ముగ్గురు డాక్టర్లు, మూడు ఫార్మసీలు కలిసినా, లేదా ఫార్మసీలతో పనిలేకుండా అయిదుగురు డాక్టర్లు ఉన్నా ఆ రోగి పరిశీలనకు వస్తాడు. ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం మరీ గట్టి గీత గీసింది: మూడు నెలల పాటు 120 ఎంఎంఈకి పైన, నలుగురు డాక్టర్లు, నాలుగు ఫార్మసీలు. ఈ కార్యాలయం 2016 పార్ట్ డి లెక్కలు తీసినప్పుడు లబ్ధిదారుల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి ఓపియాయిడ్ అందిందని, దాదాపు 90,000 మంది తీవ్ర ప్రమాదంలో ఉన్నారని తేలింది.

ఈ లెక్కల్లో మొదట తప్పేది డాక్టర్లను లెక్కపెట్టే దగ్గర. ఒకే క్లినిక్‌లో డాక్టర్, ఇద్దరు నర్స్ ప్రాక్టీషనర్లు వంతులవారీగా రాస్తే క్లెయిముల్లో ముగ్గురు కనిపిస్తారు. అందుకే మెడికేర్ ఒకే సంస్థ పన్ను నంబరు కింద ఉన్నవారిని ఒక్కరిగా, కంప్యూటర్ రికార్డులు అప్పటికప్పుడు పంచుకునే గొలుసు దుకాణాలను ఒక్క ఫార్మసీగా లెక్కిస్తుంది. ఈ కలపడం చేయకపోతే జాబితాలో చేరేవాళ్లలో అమాయకులే ఎక్కువ.

దొంగ ప్రిస్క్రిప్షన్ల విషయంలో ఎక్కువసార్లు వినిపించేది డీఈఏ నంబరు పరీక్ష. నియంత్రిత మందులు రాసే డాక్టర్లకు అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ ఇచ్చే నంబరు అది. రెండక్షరాలు, ఏడు అంకెలు. ఒకటి, మూడు, అయిదు స్థానాల అంకెలు కూడండి. రెండు, నాలుగు, ఆరు స్థానాలవి కూడి రెట్టింపు చేయండి. ఈ రెండింటి మొత్తంలో చివరి అంకె ఏడో అంకెతో కలవాలి. ఏబీ1234563 తీసుకుంటే 1+3+5 = 9; 2+4+6 = 12, రెట్టింపు 24; మొత్తం 33; చివరి అంకె 3. సరిపోయింది. ఇది టైపింగ్ పొరపాట్లను పట్టుకుంటుంది, అంతకుమించి నమ్మకూడదు. ఈ సూత్రం దొంగలకూ తెలుసు. పైగా క్లెయిమ్‌లో వచ్చేది సాధారణంగా ఎన్‌పీఐ, డీఈఏ నంబరు ప్రిస్క్రిప్షన్ మీద ఉంటుంది. కాబట్టి ఆ ఎన్‌పీఐకి ఆ తేదీన చెల్లుబాటయ్యే డీఈఏ నమోదు ఉందా, ఆ షెడ్యూల్ మందు రాసే అధికారం అందులో ఉందా, డాక్టర్ బతికే ఉన్నాడా అన్నవి నమోదు జాబితాలతో ప్రతిసారీ సరిచూడాలి. 2018 సపోర్ట్ చట్టం పార్ట్ డిలో నియంత్రిత మందులకు ఎలక్ట్రానిక్ ప్రిస్క్రిప్షన్‌ను తప్పనిసరి చేశాక కాగితం ఫోర్జరీకి చోటు తగ్గింది. దాని బదులు డాక్టర్ల లాగిన్లు దొంగిలించడం మొదలైంది. ఎన్నడూ ఓపియాయిడ్ రాయని చర్మవైద్యుడి పేరుతో ఒక్క వారంలో దూరదూర ఊళ్లలో ఆక్సీకోడోన్ వెళ్తే ముందు అనుమానించాల్సింది డాక్టర్‌ను కాదు, ఆయన లాగిన్‌ను. అదే రోజు ఆయనకు ఫోన్ చేయాలి.

డాక్టరే మోసంలో ఉన్నప్పుడు మోతాదు కంటే ఒకేలా ఉండడం ఎక్కువ పట్టిస్తుంది. నిజంగా వైద్యం చేసేవాడి రోగుల్లో మందులు, బలాలు, మాత్రల సంఖ్యలు రకరకాలుగా ఉంటాయి. కాలంతో పెరుగుతాయి, తగ్గుతాయి. మాత్రల మిల్లులో, అంటే డబ్బుకు ప్రిస్క్రిప్షన్లు రాసిచ్చే క్లినిక్‌లో, వయసు 25 అయినా 70 అయినా అదే 30 మిల్లీగ్రాముల ఆక్సీకోడోన్, దానితో అల్ప్రజోలమ్, కండరాలను సడలించే కారిసోప్రొడాల్. ఈ మూడింటి కలయికకు దర్యాప్తు చేసేవాళ్లలో ‘ట్రినిటీ’ అని పేరు. డాక్టర్లను పోల్చేటప్పుడు అదే స్పెషాలిటీలో, అలాంటి రోగులున్నవారితోనే పోల్చాలి. సగటు బదులు మధ్యస్థ విలువ తీసుకోవాలి, ఎందుకంటే ఒకరిద్దరు అతిగా రాసేవాళ్లే సగటును పైకి లాగేసి తామే దాని చాటున దాక్కుంటారు.

షాపులో సరుకు

మందు రాసింది ఎవరైనా, తగిన వైద్య కారణం లేదని తెలిసి ఇచ్చే ఫార్మసిస్టుకూ బాధ్యత ఉందని డీఈఏ నిబంధన 1306.04 చెబుతోంది. కంచే చేను మేసిన సందర్భాలు ఎక్కువగా ఇక్కడే బయటపడతాయి.

ఒక విషయం చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. జెనెరిక్ ఆక్సీకోడోన్ చౌకైన మందు. ఇవ్వని ఆక్సీకోడోన్‌కు ఇచ్చినట్టు బిల్లు వేస్తే మిగిలేది తక్కువ, ప్రమాదం ఎక్కువ. లేని సరుకుకు బిల్లు వేసేవాళ్లు ఖరీదైన బ్రాండ్ మందులనూ నొప్పి క్రీములనూ ఎంచుకుంటారు. ఓపియాయిడ్ రోగి పేరు, బీమా నంబరు అప్పటికే చేతిలో ఉంటాయి. అతని ఆక్సీకోడోన్ క్లెయిమ్ పక్కనే అతను అడగని క్రీము బిల్లు కూడా వెళ్తుంది. కాబట్టి అనుమానమున్న షాపులో ఓపియాయిడ్ క్లెయిములతో ఆగకుండా ఆ రోగుల మిగతా బిల్లులన్నీ తీయాలి.

సరుకు లెక్క తేల్చే పద్ధతి సూటిగా ఉంటుంది. ఊహాజనితంగా ఒక షాపులో ఒక బ్రాండ్ ఓపియాయిడ్ తీసుకుందాం. ఏడాది మొదట నిల్వ 1,200. ఏడాదిలో కొన్నవి 36,000. హోల్‌సేలర్‌కు తిప్పి పంపినవి 400. ఏడాది చివర నిల్వ 800. గరిష్ఠంగా బయటకు వెళ్లగలిగినవి 1,200 + 36,000 − 400 − 800 = 36,000. ఒక్క పీబీఎం డబ్బు కట్టిన క్లెయిముల్లోనే 41,500 ఉంటే, ఇతర బీమా సంస్థల బిల్లులు, నగదు అమ్మకాలు లెక్కలోకి తీసుకోకుండానే 5,500 మాత్రలు లేనివి. దీనికి సంజాయిషీ చెప్పడం కష్టం. రెండు జాగ్రత్తలు తప్పవు. కొనుగోలు రశీదులు షాపు నుంచి కాకుండా నేరుగా హోల్‌సేలర్ నుంచి తెప్పించాలి, రశీదులు ఫోర్జరీ చేయడం మామూలే. లెక్క ఎన్‌డీసీ స్థాయిలో జరగాలి, లేకపోతే జెనెరిక్ ఇచ్చి బ్రాండ్ బిల్లు చేసిన సంగతి మునిగిపోతుంది. కొనుగోళ్లు అన్ని చెల్లింపుదారుల క్లెయిములనూ, నమోదైన నగదు అమ్మకాలనూ మించి ఉంటే కథ వేరు: సరుకు వెనక తలుపు గుండా పోతోంది, అది డీఈఏ చూడాల్సిన కేసు.

రోగి తీసుకెళ్లకుండా అల్మారాలో ఉండిపోయిన మందు సంగతి కూడా ఇక్కడే చూడాలి. చాలా ఒప్పందాల ప్రకారం రెండు వారాల్లోపు ఆ క్లెయిమ్‌ను వెనక్కి తీసుకోవాలి. రద్దయిన క్లెయిములు ఒక్కటీ లేని షాపు, రోజూ వందల బిల్లులు వేస్తూ ప్రతి రోగీ వచ్చి మందు పట్టుకెళ్లాడని చెబుతోందన్నమాట. సంతకాల పుస్తకంలో ఆ తేదీల పేజీ తెరిచి, ఒకే కలంతో, ఒకే వాలుతో వరుసగా పది సంతకాలు ఉన్నాయేమో చూడండి. రోగి ఆసుపత్రిలో చేరి ఉన్న తేదీల్లో సంతకం ఉందేమో వైద్య క్లెయిములతో సరిచూడండి.

ముందస్తు అనుమతి దగ్గర జరిగిన మోసం

ఇన్సిస్ థెరప్యూటిక్స్ కేసును ఈ రంగంలో పనిచేసే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. నాలుక కింద చల్లే ఫెంటనిల్ స్ప్రే సబ్‌సిస్‌కు 2012 జనవరిలో అనుమతి వచ్చింది. అప్పటికే ఓపియాయిడ్ మందులకు అలవాటుపడిన క్యాన్సర్ రోగుల్లో ఉన్నట్టుండి ఎగసే నొప్పి కోసమే అది. చాలా ఖరీదైనది కాబట్టి బీమా సంస్థలు ముందస్తు అనుమతి అడిగేవి. కంపెనీ ఒక ప్రత్యేక విభాగం పెట్టి, అందులోని ఉద్యోగులతో డాక్టర్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నట్టు బీమా సంస్థలకూ పీబీఎంలకూ ఫోన్ చేయించింది. క్యాన్సర్ లేని రోగులకు ఉన్నట్టు అర్థమయ్యేలా మాటలు కూర్చి చెప్పించింది. ఇంకోవైపు ప్రసంగాల పారితోషికం పేరుతో డాక్టర్లకు లంచాలు వెళ్లాయి. వ్యవస్థాపకుడు జాన్ కపూర్, మరికొందరు అధికారులు 2019 మేలో దోషులుగా తేలారు. కపూర్‌కు 2020 జనవరిలో 66 నెలల జైలుశిక్ష పడింది.

అడ్డు ఉంది, అడిగేవాళ్లు ఉన్నారు, ఫోన్లో వచ్చిన జవాబును నమ్మారు. ఆ జవాబును తమ దగ్గరున్న క్లెయిములతో సరిచూసి ఉంటే చాలా ముందే తెలిసేది. క్యాన్సర్ అని చెప్పిన రోగికి గత ఏడాదిలో క్యాన్సర్ వైద్యుడి బిల్లు, కీమో, స్కాన్ ఒక్కటైనా ఉండాలి. ఓపియాయిడ్ అలవాటు ఉందని చెప్పినప్పుడు కనీసం వారం పాటు రోజుకు 60 మిల్లీగ్రాముల నోటి మార్ఫిన్‌కు సమానమైన మందు క్లెయిముల్లో కనపడాలి. ఫోన్ చేసినవాళ్లు ఇచ్చిన నంబరు పక్కనపెట్టి, ఎన్‌పీఐ జాబితాలో క్లినిక్‌కు ఉన్న నంబరుకు తిరిగి చేయాలి. వేర్వేరు రాష్ట్రాల డాక్టర్ల తరఫున ఒకే ఫోన్ నంబరు నుంచి అనుమతులు అడుగుతుంటే అదే పెద్ద సూచన.

క్లెయిముకు కనపడనిది

రోగి నగదు కట్టి కొంటే క్లెయిమ్ పుట్టదు. బీమా ఉన్నా ఓపియాయిడ్‌కు మాత్రం నగదు, అదే రోజు అదే షాపులో రక్తపోటు మందుకు బీమా అన్నది పాత ఎత్తు. ఈ నగదు అమ్మకాలు కనపడేది రాష్ట్రాలు నడిపే పీడీఎంపీ రిజిస్టర్లలోనే. నియంత్రిత మందు ఎవరికి, ఎవరు రాస్తే, ఎక్కడ ఇచ్చారో ఫార్మసీలు సాధారణంగా ఒక రోజులోపు అందులో నమోదు చేస్తాయి. రాష్ట్రవ్యాప్త రిజిస్టరుకు 2021లో చట్టం చేసిన మిస్సోరీ ఆఖరి రాష్ట్రం. చిక్కేమిటంటే డాక్టర్లు, ఫార్మసిస్టులు ఈ రిజిస్టరు చూడగలరు గాని, చాలా రాష్ట్రాల్లో ప్రైవేటు బీమా సంస్థలకు ఆ అనుమతి లేదు. అందువల్ల బీమా సంస్థ తన క్లెయిముల్లోని ఖాళీని చదవడం నేర్చుకోవాలి: నెలనెలా సాగే ఓపియాయిడ్ క్లెయిములు ఉన్నట్టుండి ఆగి, అదే డాక్టర్ దగ్గరికి నెలనెలా రాకపోకలు, మూత్ర పరీక్షల బిల్లులు మాత్రం కొనసాగితే మందు వేరే దారిన వస్తోందని అర్థం చేసుకోవచ్చు.

జాబితాలో పేరు చేరాక

పైన చెప్పిన ప్రతి సూచనకూ న్యాయమైన కారణం ఉండొచ్చు. వంద మైళ్ల దూరం నుంచి వచ్చే రోగి ఆ ప్రాంతంలో ఉన్న ఒకే ఒక్క నొప్పి నిపుణుడి దగ్గరికి వస్తుండొచ్చు. సికిల్ సెల్ రోగికి మోతాదు ఎక్కువే ఉంటుంది. ఈ సూచనలు కలిపి కంప్యూటర్ వేసే అనుమానపు స్కోరు చూసి క్లెయిమ్ ఆపేస్తే, ఏళ్లుగా ఓపియాయిడ్ వాడుతున్న మనిషికి మందు ఒక్కసారిగా ఆగుతుంది. ఇలా హఠాత్తుగా ఆపడం వల్ల తీవ్రమైన విరమణ లక్షణాలు, భరించలేని నొప్పి, ఆత్మహత్య దాకా ప్రమాదాలు ఉన్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 ఏప్రిల్‌లోనే హెచ్చరించింది. స్కోరు దర్యాప్తు మొదలుపెట్టడానికి పనికొస్తుంది, శిక్ష వేయడానికి పనికిరాదు. మెడికేర్‌లో రోగిని ఒకే డాక్టర్‌కో ఒకే ఫార్మసీకో పరిమితం చేసే ముందు ప్లాన్ డాక్టర్లతో మాట్లాడాలి, రోగికి నోటీసు ఇవ్వాలి, జవాబు చెప్పుకునే వ్యవధి ఇవ్వాలి. పరిమితి 12 నెలలు, అవసరమైతే మరో 12 నెలలు, దాని మీద అప్పీలుకు హక్కు ఉంది. ఈ మెట్లు ఆలస్యం చేస్తాయని విసుక్కోవడం తప్పు. వ్యసన చికిత్సకు ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్‌ను ఎంఎంఈ లెక్కలోకి తేకూడదు. బయటపడాలని చూస్తున్న మనిషికి అదే దారి.

డాక్టర్ మీద, షాపు మీద కేసు కట్టేటప్పుడు రాతపూర్వక ఆధారాల వరుస ముఖ్యం. 2022 జూన్‌లో రువాన్ అనే డాక్టర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, అధికారం లేని రీతిలో రాస్తున్నానని డాక్టర్‌కు తెలుసని, లేదా ఆయన ఉద్దేశపూర్వకంగానే అలా చేశాడని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలని చెప్పింది. అంటే ప్లాన్ పంపిన హెచ్చరిక ఉత్తరాలు, ఫార్మసిస్టు ఫోన్ చేసి సందేహం చెప్పిన నోటు, వాటి తేదీలు, ఆ తర్వాత కూడా మారని రాత వరుస ఇప్పుడు ఎంతో విలువైనవి. ముందు క్లెయిముల విశ్లేషణ, తర్వాత ప్రిస్క్రిప్షన్ ప్రతులు, తర్వాత హోల్‌సేలర్ రశీదులు, ఆఖరున షాపు సందర్శన. ఈ వరుస తప్పి ముందే షాపుకు వెళ్తే సంతకాల పుస్తకం కొత్తగా తయారవుతుంది.

క్లినిక్ మూతపడే రోజుకు సిద్ధం కావడం కూడా ప్లాన్ పనే. ఆ డాక్టర్ దగ్గర గత 90 రోజుల్లో ఓపియాయిడ్ తీసుకున్న రోగుల జాబితా, ఒక్కొక్కరి మోతాదు, ఆఖరి క్లెయిమ్ తేదీ, మందు అయిపోయే తేదీ క్లెయిముల్లోనే ఉన్నాయి. మందు ముందుగా అయిపోయేవారి నుంచి మొదలుపెట్టి ఫోన్ చేసి, వేరే డాక్టర్ దగ్గర సమయం ఇప్పించి, ఓపియాయిడ్ మోతాదు మించితే విరుగుడైన నలోక్సోన్ అందేలా చూడాలి. ఇలా ఉన్నట్టుండి డాక్టర్ లేకుండా మిగిలిన రోగుల కోసమే సీడీసీ, ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం కలిసి సత్వర స్పందన కార్యక్రమం ఒకటి నడుపుతున్నాయి. రాష్ట్ర ఆరోగ్య శాఖ ద్వారా దానితో అనుసంధానం కావచ్చు. దర్యాప్తు గుట్టుగా ఉంచాలి కాబట్టి ఈ జాబితాను బయటకు చెప్పకుండా ముందే సిద్ధం చేసుకుని, చెల్లింపులు ఆపిన గంటలోనే తెరవాలి.